మూపు మీది కాయ

ఖిదిర్‌పూర్,
కలకత్తా-23.
14 నవంబరు 1988.

ఖిదిర్‌పూర్ రేవు మహాసామ్రాజ్యంలో, మూడో నంబరు లైను, ఏడో గదిని ఏకచ్ఛత్రంగా ఏలుచున్న బైరాగి మహారాజు గారు, తమ బాల్యమిత్రుడును నౌపడ హైస్కూలు డ్రాయింగు మేష్టరును అగు పట్టాభికి దయచేయించు శాసనం:

నేటినుండి మా ముక్కు మీద ఈగ వాలినను మేము తోలము. వీపు దురద పెట్టినను గోకము. తుమ్ము వచ్చినచో లోలోపలనే మింగెదము. కుడికాలి బొటనవ్రేలు ఎక్కడ మోపితిమో గంట కొట్టువరకు అక్కడనే ఉండును. ఇది తప్పినచో ముప్పదిమంది పిల్లలు ఏకకంఠముతో "ఓ దాదా!" అని మమ్ము గద్దించుటకు అధికారము గలవారు.

శాసనం అయిపోయింది. ఆ భాషలో నాకు ఇంతకు మించి రాదు, మూడో ఫారం చదువు అంతవరకే మోసింది.

ఒరే పట్టాభీ, నేను బొమ్మగా నిలబడే ఉద్యోగంలో చేరాను. ఎక్కడనుకున్నావు? నువ్వు చదివి, ఆఖరి ఏడు వదిలేసి పోయిన ఆర్టు కాలేజీలోనే. రేవులోకి ఇనప పెట్టెలు దిగడం మొదలయ్యాక మా భుజాలతో ఎవడికీ పని లేకుండా పోయింది. క్రేను ఒక్కసారి ఎత్తి దించేది మా గ్యాంగుకు వారం రోజుల మోత. నెలలో సగం రోజులు గేటు దగ్గర బీడీలు కాలుస్తూ కూచుంటున్నాం. అలా కూచున్న రోజున కాలేజీ పిల్లలు పడవలు గీసుకోవడానికి వచ్చి, పడవల్ని వదిలేసి నన్ను గీశారు. "దాదా, మా క్లాసుకొచ్చి నిలబడతావా?" అన్నారు. నిలబడడం కూడా ఒక పనేనన్నది నాకు కొత్త కాదుగా. నువ్వు నన్ను అయిదేళ్ళు నిలబెట్టావు.

ఇంట్లో నారాయణమ్మతో చెప్తే చేట కింద పెట్టి నావైపు చూసింది.

"నీకేటి పోయేకాలమొచ్చింది? గోచీ ఎట్టుకుని ఆడగుంటల ముందర నిలబడతావా?"

"నిలబడతాను గానీ ఒట్టే, కదలను."

"నువ్వు ఒక్క సోట కదలకండా ఉంటావా? అయితే నానూ వొత్తాను, సూడాలి" అంది.

క్లాసు గదిలో ఒక మూల కొక్కేనికి ఎముకల గూడు వేలాడుతూ ఉంటుంది. దానికి కూర్మయ్య అని పేరు పెట్టాను. మన గ్యాంగు మేస్త్రి కూర్మయ్య గుర్తున్నాడా? అచ్చం వాడే. ఒళ్ళంతా ఎముకలు, పని చెయ్యడు, ఉన్నచోటే వేలాడుతూ అందరి వంకా పళ్ళికిలించి చూస్తాడు.

మొదటి రోజు నిలబడగానే తడిమట్టి వాసన తగిలింది. నాకు ఏమైందో తెలీదు, జనపనార గోదాము డాబా మీద మన ఆదివారాలు గుర్తొచ్చాయి. నీ చేతిలో మీ అమ్మ పొయ్యిలోని బొగ్గు, నా మూపు మీద ఖాళీ బస్తా, కింద గంగలో ఓడ కూత. ఇరవై మూడేళ్ళయింది నువ్వీ ఊరు వదిలి. మీ అయ్యకు జబ్బు అన్నావు, నమ్మినట్టు ఊరుకున్నాను. ఆ తర్వాత నీ ఉత్తరాల్లో పెళ్ళి, పిల్లలు, ట్రాన్సుఫరు అన్నీ వచ్చాయి గానీ బొమ్మల మాట రాలేదు. ఇప్పుడు మనుషుల్ని గీస్తున్నావా?

నీ
బైరాగి


నౌపడ,
శ్రీకాకుళం జిల్లా.
3 డిసెంబరు 1988.

మిత్రుడు బైరాగికి,

నీ ఉత్తరం అందింది. నీకు పని దొరికినందుకు సంతోషం. నారాయణమ్మను అడిగానని చెప్పు.

నేను ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా డ్రాయింగు చెప్తున్నాను. మామిడికాయ, చిలక, పూలకుండీ, భారతదేశం మ్యాపు. మనుషులను గీయను. నాకు రాదు.

ఇక్కడ ఉప్పు బస్తాలు వ్యాగన్లకు ఎత్తే కళాసీల సంఘం వాళ్ళు కొత్త ఆఫీసు కట్టుకున్నారు. దాని ముందర బస్తా మోసే మనిషి సిమెంటు విగ్రహం కావాలట, మేడేకి ఆవిష్కరణ అట. సంఘం ప్రెసిడెంటు గవరయ్య మూడుసార్లు ఇంటికి వచ్చాడు. "కలకత్తాలో సదివినోరు, మీరు కాకపోతే ఇంకెవులు సేత్తారు మేష్టారూ?" అంటాడు. రాదని చెప్పాను. ఫిబ్రవరి దాకా చూసి, ఆ తర్వాత విజయనగరం నుంచి దేవుడి బొమ్మలు చేసే మనిషిని పిలుస్తారట. పిలుచుకోనీ.

కాలేజీ సంగతులు ఇక రాయవద్దు. తక్కిన కబుర్లు రాయి.

పట్టాభి


ఖిదిర్‌పూర్,
12 డిసెంబరు 1988.

మహారాజశ్రీ డ్రాయింగు మేష్టారికి, తల కదపకుండా నమస్కారం.

రాయవద్దన్నావు గనక రాస్తున్నాను. నువ్వు తినొద్దన్న జిలేబీ నేనెప్పుడైనా తినకుండా ఉన్నానా?

"నాకు రాదు" అన్నమాట ఎవరితో చెప్తున్నావురా? ఎముకల కూర్మయ్యతో చెప్పు, వాడు నమ్ముతాడు. నువ్వు నేర్చుకున్నది నా ఒంటి మీద. ప్రతి ఆదివారం నాచేత బస్తా ఎత్తించి, దించి, మళ్ళీ ఎత్తించి, ఏ కండ లేస్తుంది, ఏది పడుకుంటుంది అని వేళ్ళతో నొక్కి చూసేవాడివి. చెయ్యి మడిస్తే జబ్బ ముందు కండ ఉబ్బుతుంది, వెనక కండ ఊరుకుంటుంది. "మొగుడూ పెళ్ళాలు ఇలాగుంటే కాపరం నిలబడతాదిరా" అని నవ్వావు. అప్పటికి మనిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు, అంచేత అది నిజమనుకున్నాం.

పుస్తకంలో లాటిను పేర్లు నీకు నోరు తిరిగేవి కావు. బొమ్మ పక్కన మన పేర్లే రాసుకునేవాడివి: పిక్క, డొక్క, రెక్క, జబ్బ, మూపు. ఆ కాగితాలు గోదాము గుమాస్తా పారేసిన లెక్కల చిత్తులు. ఒక వైపు బస్తాలు, రెండో వైపు నేను.

క్లాసు చెప్పే బాబు మొన్న అంటున్నాడు: "ముందు కండల జోలికి పోకండి. ఎముక చర్మానికి తగిలే చోట్లు పట్టుకోండి. గొంతు కింది అడ్డెముక, మోచెయ్యి, మణికట్టు గుబ్బ, మోకాటి చిప్ప, చీలమండ. మనిషి లావెక్కినా చిక్కినా అవి అక్కడే ఉంటాయి." నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ముప్పైమంది గద్దించారు. ఈ మాట నాకు పదిహేడో ఏట నువ్వు చెప్పావు, బొగ్గుతో నా ఒంటి మీద చుక్కలు పెట్టి మరీ. ఆ చుక్కలతో ఇంటికి పోతే మా అమ్మ అమ్మవారు పోసిందని వేపమండలు తెచ్చింది.

అలాంటివాడివి మామిడికాయలు గీస్తున్నావా? నా మూపు మీది కాయ గీసిన చేత్తో! బస్తా ఆనీ ఆనీ కాసిన కాయరా అది, ఏ తోటలోనూ దొరకదు. దానికి నీడ వెయ్యడానికి ఒక ఆదివారమంతా పట్టింది నీకు.

మీ అయ్య జబ్బు కథ నాకు చెప్పకు. ఆయన ఆ ఏడే మా నాన్నతో పందెం వేసి రెండు బస్తాలు ఒక్కసారి ఎత్తాడు. అసలు సంగతి రాయి. రాయకపోతే రోజుకొక కార్డు రాస్తాను, మీ పోస్టుమాను నీ మీద కేసు పెడతాడు.

బైరాగి


నౌపడ,
8 జనవరి 1989.

బైరాగీ,

పదకొండు కార్డులు వచ్చాయి. పోస్టుమాను చదివి నవ్వుకుంటూ ఇస్తున్నాడు. చాలించు, చెప్తాను.

ఆఖరి పరీక్షకు మూడడుగుల మట్టి బొమ్మ చెయ్యాలి. నిలబడిన మగమనిషి, వీపు ముఖ్యం. వాళ్ళిచ్చిన మోడలుకు ఆ రోజు జ్వరమొచ్చి రాలేదు. "నేర్చుకున్నదాన్ని బట్టి చెయ్యండి" అన్నారు. నేను నేర్చుకున్నది నువ్వే. కళ్ళు మూసుకుంటే నీ వీపు కనిపించేది. చేశాను. అంత బాగా ఏదీ చెయ్యలేదు, ఆ ముందూ ఆ తర్వాతా.

పరీక్ష చేసే పెద్దమనిషి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. మెడ కింద కాయ మీద వేలు పెట్టి "ఇది ఏమిటి?" అన్నాడు. మూపు కాయ అనే మాట బెంగాలీలో నాకు తెలీదు. "మనిషికి ఉండేదే సార్" అన్నాను.

"ఏ మనిషికి?"

"అందరికీ సార్."

గది గదంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, సుద్దముక్క తీసుకుని ఆ కాయ మీద అడ్డంగా గీత గీశాడు. "నాలుగేళ్ళు చదివి మనిషికి గూని పెట్టావు. నీకు కళ్ళు లేవు" అన్నాడు.

నాకప్పటికీ అర్థం కాలేదురా. మా అయ్యకుంది, మీ నాన్నకుంది, నీకు వస్తోంది, లైన్లలో స్నానం చేసే ప్రతివాడికీ ఉంది. చొక్కా లేని బాబును మనమెక్కడ చూశాం? కాలేజీలో తెల్ల ప్లాస్టరు బొమ్మలకు లేదు నిజమే, కానీ అవి దొరల బొమ్మలు, దొరల ఒళ్ళే వేరు అనుకున్నాను. మూపు మీద కాయ పుట్టుకతో వచ్చేదనీ, చొక్కాల కింద అందరూ దాచుకుంటారనీ అనుకున్నాను. మనిషంటే ఎలా ఉంటాడో తెలియకుండా నాలుగేళ్ళు మనిషిని గీశాను. అది తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

తప్పిన సంగతి మా అయ్యకు చెప్పలేదు. నీకు చెప్తే నీ మూపు వైపు నువ్వే అదోలా చూసుకుంటావని చెప్పలేదు. ఆ రోజు నుంచీ బొగ్గు ముక్క తీసి మనిషిని గీద్దామంటే ముందు ఆ సుద్ద గీత పడుతుంది.

గవరయ్యతో ఈ వారం చివరిసారి రాదని చెప్పేస్తాను.

పట్టాభి


ఖిదిర్‌పూర్,
2 ఫిబ్రవరి 1989.

పట్టాభీ,

నీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చింపాను. ఎగతాళి చేద్దామంటే రాలేదు. నారాయణమ్మ "ఏటి, కలం కూడా కదపకండా నిలబడిపోనావా?" అంది.

గవరయ్యతో రాదని చెప్పేశావా? చెప్పి ఉంటే, ఈ ఉత్తరం చదివిన వెంటనే చెప్పులేసుకుని పోయి, వస్తుందని చెప్పు. ఎందుకో విను.

మొన్న బుధవారం క్లాసుకు పెద్ద ప్రొఫెసరు వచ్చాడు, అనాది బాబు. నెలకొక్కసారి వస్తాడు. పిల్లలు నా వెనక కూచుని వీపు గీస్తున్నారు. ఆయన ఒక్కొక్కడి కాగితమూ చూస్తూ వచ్చి నా వెనక ఆగాడు. మెడ కింద చల్లగా వేలు తగిలింది. ఇంక గోకలేను, తిరగలేను.

"ఇది ఎందుకు వెయ్యలేదు?" అని పిల్లల్ని అడిగాడు.

"పుస్తకంలో లేదు సార్" అన్నాడొకడు.

"పుస్తకంలో లేదంటే పుస్తకం రాసినవాడు బరువు మొయ్యలేదని అర్థం. మనిషి ఒంటి మీద పుట్టుకతో వచ్చేవి కొన్ని, బతుకు పెట్టేవి కొన్ని. రెండూ అనాటమీయే" అన్నాడాయన.

తర్వాత, "నేను కింది క్లాసులో ఉండగా పై క్లాసు తెలుగబ్బాయి ఒకడు ఇది పరీక్షలో చేశాడు. కొట్టేశారు. మేం నవ్వాం. నేనూ నవ్వాను. పరీక్షలో ఉన్న బొమ్మలన్నిట్లోనూ మనిషి బొమ్మ అదొక్కటే" అన్నాడు.

నేను కదల్లేదురా. కళ్ళలో నీళ్ళు తిరిగితే కదిలినట్టు కాదు కదా?

అంతే. నువ్వేం చేస్తావో నీ ఇష్టం.

బైరాగి


నౌపడ,
10 మార్చి 1989.

ఒరే బైరాగీ,

మొదలుపెట్టాను.

నీ ఉత్తరం స్కూల్లో అందింది. తొమ్మిదో తరగతికి పూలకుండీ వేసుకోమని చెప్పి, బయటికి పోయి చదివి, మళ్ళీ చదివి, సరాసరి గూడ్సు షెడ్డుకు పోయాను. గవరయ్య బస్తా కింద ఉన్నాడు. "వస్తుంది" అన్నాను. "ఏటొత్తాది మేష్టారూ, వ్యాగనా?" అన్నాడు.

అనాది బాబు నాకు గుర్తొచ్చాడు! సన్నగా, కళ్ళజోడు, ఎడమచేత్తో గీసేవాడు. ఆ రోజు తలుపు దగ్గర నిలబడ్డాడు. నవ్వాడంటున్నాడు గానీ, నేను బయటికి పోతుంటే తల దించుకుని దారి ఇచ్చాడు. ఇరవై మూడేళ్ళుగా ఆ గదిలో నవ్వులే వినిపించేవి, ఇప్పుడు తల దించుకున్న ఆ ఒక్కడు కనిపిస్తున్నాడు. మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను.

చేతులు మొద్దుబారిపోయాయిరా. మొదట జానెడు మట్టి బొమ్మ చేశాను. మనిషి బాగానే ఉన్నాడు గానీ మూపు కనబడాలని నెత్తికెత్తిన బస్తాలో దూది ఉన్నట్టుంది. బరువు లేదు. పది రోజులు అదే. అప్పుడు గవరయ్యను అటూ ఇటూ నడిపించి, గొంతు గుంట దగ్గర దారానికి రాయి కట్టి వేలాడదీశాను. ఆ రాయి ఏ కాలి మీద బరువుందో ఆ చీలమండ దగ్గరికే పోతోంది. ఆ కాలివైపు తుంటి పైకి లేస్తోంది, అటువైపు భుజం దిగుతోంది. మెడ ముందుకు సాగుతోంది. నీతో పదిహేడో ఏట తెలుసుకున్న సంగతులే, ఒకటొకటిగా వేళ్ళకు తిరిగొస్తున్నాయి. ఇప్పుడు ఇనప ఊచలు వంచి, కోళ్ళగూటి వల చుట్టి నిలువెత్తు గూడు కట్టాను. చూసినవాళ్ళు పందిరనుకుంటున్నారు.

గవరయ్యతో గొడవ. నిలబడమంటే తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫోటో స్టూడియోలోలాగ బిగుసుకుని నిలబడతాడు. చొక్కా తియ్యమంటే, "బొమ్మలో కూడా మాకు సొక్కా నేదా బాబూ?" అన్నాడు. రెండు రోజుల తర్వాత తనే తీశాడు. కానీ కాయ మాత్రం వెయ్యొద్దంటున్నాడు. "మా గూని కూడా సిమెంటులో పోసెత్తారా? రైల్లో పోయేవోల్లు నవ్వరా?" సంఘంలో అందరిదీ అదే మాట. ఏప్రిల్లో మీటింగు పెడతారట. కాయ ఉంటే బొమ్మ వద్దంటారట.

ఇంకొకటి. గవరయ్యది ఉప్పు బస్తా కాయ, పలచన. నాకు నీది కావాలి. కొలతలు పంపు. అనాది బాబు పూర్తి పేరు, అడ్రసు కూడా పంపు.

నీ
పట్టాభి


ఖిదిర్‌పూర్,
19 మార్చి 1989.

మేష్టారూ,

ఈ కవరులో ఉన్న దారం తెంపకు, అది నేనే. మొదటి ముడి నుంచి రెండో ముడి దాకా: ఒక చెవి తమ్మె నుంచి కాయ మీదుగా రెండో చెవి తమ్మె. రెండు నుంచి మూడు: కాయ అడ్డం. మూడు నుంచి నాలుగు: పైన జుట్టు మొదలు నుంచి కాయ దిగే చోటు. ఎత్తు దారానికి అందలేదు, నా బొటనవేలు మొదటి కణుపంత అనుకో. నా వేలు నీకు తెలుసు, చిన్నప్పుడు నీ కంట్లో పొడిచాను.

కొలిచింది నారాయణమ్మ. దారం మెడ చుట్టూ వేసి, "పెల్లినాడు నా మెడకి నువ్వు ముడేసినావు, ఇన్నేల్లకి నీ మెడ నాకు దొరికింది" అని ఒక బిగింపు బిగించింది. బతికాను.

బస్తా పాతికేళ్ళవాడు మోసినట్టు కాకుండా నలభై అయిదేళ్ళవాడు మోసినట్టు చెయ్యి. పాతికేళ్ళప్పుడు బస్తా నా మీద ఉండేది. ఇప్పుడు నేను బస్తా కింద ఉంటున్నాను. చెప్పడం రాలేదు, నీకు తెలుస్తుంది.

ప్రొఫెసరు అడ్రసుకు తొందరేముంది? పెద్దవాళ్ళు, ఇవాళ ఒకచోట ఉంటారు, రేపు ఢిల్లీ పోతారు. నువ్వు సిమెంటు సంగతి చూడు.

బైరాగి


నౌపడ,
18 ఏప్రిల్ 1989.

ఒరే నాయనా బైరాగీ,

నిలబడ్డాడురా!

తడి గోనెలు కప్పి పదిహేను రోజులు నీళ్ళు కొట్టాం. మొన్న గోనెలు తీసి రాతితో కొట్టి చూశాను, ఖంగున మోగింది. ఇంక సమ్మెట తెస్తే తప్ప గోరంత కూడా రాలదు. కాయకు నీ దారం వేసి చూశాను, ముళ్ళన్నీ సరిపోయాయి.

ఆదివారం మీటింగు. అందరూ బొమ్మ వెనక చేరారు. ఒకడు "గూనోడు" అన్నాడు, నవ్వులు లేచాయి. పరీక్ష గదే మళ్ళీ. అప్పుడు అనాది బాబు మాట చెప్పాను, ఉన్నదున్నట్టు. పుట్టుకతో వచ్చేవి కొన్ని, బతుకు పెట్టేవి కొన్ని. కలకత్తా ప్రొఫెసరు అనేసరికి కాస్త సద్దుమణిగారు గానీ, గవరయ్య "పొపీసరు గారికేటి బాబూ, ఆరికి ఉంటే తెలుస్తాది" అన్నాడు.

ఇంతలో గవరయ్య పెళ్ళాం తవిటమ్మ ఆడవాళ్ళలోంచి లేచి వచ్చింది. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. పీఠం మీదికెక్కి, ఆ కాయ మీద అరచెయ్యి వేసి రుద్దింది.

"పదేనేల్ల నుంచి ఈ కాయకి రేత్రీ పగలూ ఆందం నూనె రాత్తన్నాను. నొప్పెడితే నాను లేత్తాను, ఈడు లెగడు. ఇది తీసెత్తే ఈ మనిసెవుడో నాకేటి తెలుస్తాది? మీకు సిగ్గయితే కల్లు మూసుకోండి" అంది.

గవరయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తీర్మానం పాసయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆవిష్కరణకు అనాది బాబు రావాలి. రానుపోను టిక్కెట్లు సంఘం ఇస్తానంది. పీఠం మీద పేరు చెక్కడానికి చలువరాయి తెప్పించాను: "ఈ కంటికి చూపిచ్చిన ప్రొఫెసర్ అనాది బాబు గారికి". ఆహ్వానం కార్డుల్లో ముఖ్య అతిథిగా ఆయన పేరే వేయించాను, అచ్చయిపోయాయి. ఇరవై మూడేళ్ళ కింద నాకు దారి ఇచ్చిన మనిషిని ఒక్కసారి చూడాలి. ఆయన చెయ్యి పట్టుకోవాలి. నువ్వే వెంటబెట్టుకుని తీసుకురా. మద్రాసు మెయిల్లో పలాసలో దిగండి, నేను స్టేషనుకు వస్తాను. జవాబు వెంటనే.

నీ
పట్టాభి


ఖిదిర్‌పూర్,
22 ఏప్రిల్ 1989.

పట్టాభీ,

చలువరాయి మీద ఉలి పెట్టించకు. ముందు ఇది చదువు. కూచుని చదువు.

సిమెంటు గట్టిపడిందని రాశావు గనక ఇప్పుడు చెప్తున్నాను. సమ్మెట తెస్తే తప్ప రాలదన్నావు. నువ్వు తేవు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. ఈ ఉత్తరం ఫిబ్రవరిలోనే రాయవలసింది, రాస్తే నువ్వు చెప్పులేసుకోవని రాయలేదు.

నీకు రాసిన ఆ బుధవారం అసలు జరిగింది ఇది. పిల్లలు వీపు గీస్తున్నారు. క్లాసు చెప్పే బాబు వచ్చి కాయ చూసి, నా గామ్ఛా తువ్వాలు తీసి దాని మీద కప్పాడు. "పిల్లలు తికమకపడతారు దాదా, ఇది ఇలా ఉంచుకో" అన్నాడు. చెడ్డవాడు కాదు, మెల్లగానే అన్నాడు. నేను అలాగేనని ఉంచుకున్నాను. అప్పటికి నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది, అయినా ఉంచుకున్నాను. అదిరా నాకు సిగ్గు. ఇంటికి వచ్చి, నీకు రాసి చింపినవాటి ముక్కలు పొయ్యిలో వేస్తూ, ఆ బాబుతో అనవలసిన మాట అప్పుడు అనుకున్నాను. బాబులతో అనవలసినవి మనకెప్పుడూ ఇంటికొచ్చాకే కదా తోచేవి. కానీ నేను చెప్తే నువ్వు వినవు. "బైరాగిగాడి మాటలు" అంటావు. అంచేత ఒక ప్రొఫెసరు నోట్లో పెట్టాను.

అనాది అంటే మొదలు లేనివాడని మీ స్కూలు తెలుగు పండితుణ్ణి అడిగినా చెప్పి ఉండేవాడు. నేను పేరు పెట్టి ఆ మాటలు పలికించాను, అంతే. కళ్ళజోడు పెట్టింది నువ్వు. ఎడమచేతివాటం నువ్వు. తలుపు దగ్గర నిలబెట్టి తల దించుకునేట్టు చేసింది కూడా నువ్వే. ఆ ఉత్తరం చదివిన రోజున నారాయణమ్మకు చూపించాను. "ఆ మేష్టారుకి మనిసిని సెయ్యడం రాదన్నదెవులు?" అంది.

మీ సంఘాన్ని ఒప్పించింది వాడు కాదు, తవిటమ్మ. ఆవిడ నాకంటే నిజం చెప్పింది, నాకంటే బాగా చెప్పింది. బొమ్మ నీది. దారం నాది. అందులో అబద్ధం లేదు, ముడి ముడికీ సరిపోయిందని నువ్వే రాశావు.

నిన్నటి క్లాసుకు గామ్ఛా ఇంట్లో వదిలేసి పోయాను. ఆ బాబు చూశాడు, కప్పుకోమనలేదు. పిల్లలు గీశారో మానేశారో తెలీదు. చూడాలంటే మెడ తిప్పాలి, తిప్పితే బొమ్మ చెడుతుంది.

కార్డుల మీద ఆ పేరు సిరాతో కొట్టించు. పలాసలో ముప్పయ్యో తారీఖున మెయిలు నుంచి నేనొక్కణ్ణే దిగుతాను. తిడతావో కొడతావో స్టేషనులోనే కానియ్యి, ఊళ్ళో వద్దు. అనాది బాబు నా వెంట రాడు. ఆయన్ను ఎక్కడా వెతకొద్దు. కాలేజీలో లేడు, ఢిల్లీలో లేడు, నీ పరీక్ష రోజున తలుపు దగ్గరా లేడు. వాడు మొత్తం నేను కల్పించినవాడురా.

బైరాగి